అత్తగారి డాబా, కోడలి బండి, ఒకే వాషర్

దుకాణం మెట్లెక్కిన వాళ్ళు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే. "ఎన్ని బార్లండి?"

బార్ అంటే నీళ్ళ ఒత్తిడికి కొలత. ప్రెషర్ వాషర్ పెట్టె మీద ఆ అంకెను అన్నిటికంటే పెద్దగా అచ్చు వేస్తారు కాబట్టి అందరి కళ్ళూ దాని మీదే పడతాయి. నేను తెనాలిలో పంపులు, స్ప్రేయర్లు, వాషర్లు అమ్మే దుకాణంలో ఉద్యోగకాలమంతా గడిపి ఈమధ్యే మానేశాను. కేవలం ఆ అంకె చూసి యంత్రం కొనుక్కుని సుఖపడ్డవాళ్ళు నాకు పెద్దగా గుర్తు లేరు.

మాది కొలకలూరు. మెకానికల్ డిప్లొమా చేసి, రోజూ ఆటోలో తెనాలి వచ్చి పనిచేసేదాన్ని. నా ప్రమోషన్ల గురించి చెప్పడానికి ఏమీ లేదు. చేరిన రోజు ఏ కుర్చీలో కూర్చున్నానో మానేసిన రోజూ అదే కుర్చీ. మధ్యలో దాని కుషన్ మారింది, అంతే. కానీ ఈ పనిలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలకీ అబ్బాయిలకీ ఒక మాట ముందే చెప్పాలి. ఇది భలే సరదా ఉద్యోగం. ఏళ్ళ తరబడి పట్టిన పాచి చారలు చారలుగా లేచిపోయి, కింద నుంచి కొత్త గచ్చు బయటపడుతుంటే ఎంత గంభీరమైన మనిషైనా పసిపిల్లాడైపోతాడు. డెమో చూడటానికి వచ్చిన డాక్టర్లు, లాయర్లు, రిటైరైన హెడ్మాస్టర్లు "ఇంకొక్క మూల" అంటూ నా చేతికి నీళ్ళ గన్ తిరిగి ఇవ్వకుండా తిరగడం నేను చూశాను. ఇలాంటి ఆనందాన్ని పనిగంటల్లో చూసే అవకాశం ఎన్ని ఉద్యోగాల్లో ఉంటుంది?

మా యజమాని, ఆయన ఏనుగు

మా యజమాని రంగారావు గారు మంచి మనిషి. భోజనం చేశారా అని అడగకుండా మమ్మల్ని ఎక్కడికీ పంపేవారు కాదు. కానీ ప్రెషర్ విషయంలో మాత్రం ఆయనకు పిచ్చి. దుకాణంలో ఉన్న వాషర్లన్నిటిలోకీ పెద్దదానికి ఆయన 'ఏనుగు' అని పేరు పెట్టుకున్నారు. కిటికీలు తుడుచుకోవడానికి ఏదైనా ఉందా అని అడిగినవాళ్ళకు కూడా ముందు ఏనుగునే చూపించేవారు.

ఒకసారి పొన్నూరులో ఒక రైసుమిల్లు వాళ్ళు డెమో కావాలన్నారు. మేం వెళ్ళేసరికి మిల్లు యజమాని, ఆయన భార్య, పనివాళ్ళు, ఎదురింటివాళ్ళు అందరూ గేటు దగ్గర పెళ్ళికొచ్చినట్టు నిలబడి ఉన్నారు. గేటు పక్క గోడ మీద ఎప్పుడో రంగుతో రాయించిన అక్షరాలు ఉన్నాయి: 'అనుమతి లేనిదే లోపలికి రారాదు'. వాటి మీద ఊక దుమ్ము మందంగా పేరుకుంది.

గన్ చివర బిగించే నాజిల్‌ని బట్టి నీళ్ళు విసనకర్రలా వెడల్పుగానూ రావచ్చు, సూదిలా సన్నగానూ రావచ్చు. నేను వెడల్పు నాజిల్ తీస్తుంటే రంగారావు గారు అప్పటికే సన్నధార నాజిల్ బిగించేశారు.

"సార్, అది గోడండి. రంగు లేచిపోయిద్ది," అన్నాను.

"నువ్వు చూస్తా ఉండు రాజ్యం," అని ఆయన గన్ నొక్కారు.

దుమ్ము పోయింది. దుమ్ముతోబాటు చివరి రెండు అక్షరాలూ పోయాయి. గుంపులో ఎవరో పైకి చదివారు. "అనుమతి లేనిదే లోపలికి రా."

అది విని మిల్లు యజమాని భార్య నవ్వడం మొదలుపెట్టి, నిలబడలేక బియ్యం బస్తా మీద కూలబడింది. మిల్లు యజమాని చాలా మర్యాదగా, "రంగారావు గారూ, ఇంక మా వాచ్‌మన్‌కి పనేంటండి?" అన్నాడు.

వాళ్ళు వాషర్ కొన్నారు. ఏనుగును కాదు, దానిలో సగం ఉన్నదాన్ని. తిరుగు ప్రయాణంలో రంగారావు గారు తెనాలి వచ్చేదాకా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నారు.

నీళ్ళకు మురికేదో, రంగేదో తెలియదు. అది తెలియాల్సింది మనకు. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. యజమాని పొరపాటు చేస్తుంటే పదిమంది ముందు వాదించి లాభం లేదు. ఆ రోజు నుంచి సన్నధార నాజిల్‌ని నా హ్యాండ్‌బ్యాగులో వేసుకుని తిరిగేదాన్ని. ఆయన గుట్టుగా ఇంకొకటి తెప్పించుకున్నారని నాకు చాలాకాలం తెలియలేదు.

రేపల్లె నుంచి వచ్చిన ఇద్దరు

నేను మానేయడానికి కొద్దికాలం ముందు సంగతి ఇది. ఒక మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్ళు దుకాణంలోకి వచ్చి, మధ్యలో ఒక కుర్చీ ఖాళీ వదిలి కూర్చున్నారు. పెద్దావిడ పేరు సీతామహాలక్ష్మి. గంజి పెట్టిన చీర, ఎక్కడా నలగని కుచ్చిళ్ళు. చిన్నామె లావణ్య, ఆవిడ కోడలు. రేపల్లెలో ఒక స్కూల్లో ఆటల టీచరు.

"ఏంటి కావాలమ్మా?" అన్నాను.

"డాబా కడుక్కునే మిషను," అన్నారు అత్తగారు.

"బండి కడుక్కునే మిషను ఆంటీ," అంది కోడలు.

"రెండు కావాలా అండి?"

"ఒకటే," అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆ ఒక్క మాట మీదే వాళ్ళకు ఏకాభిప్రాయం ఉన్నట్టుంది.

లావణ్యది డర్ట్ బైకు. గుంతల్లో, బురదలో, ఇసుకలో ఎగిరి దూకడానికి చేసిన బండి. ఎత్తుగా, సన్నగా, టైర్ల నిండా బుడిపెలతో ఉంటుంది. ఆదివారాలు కోతలైన పొలాల్లో నడుపుతుంది. ఇంటికొచ్చేసరికి బండి ఏ రంగో చెప్పలేనంత నల్లరేగడి అంటుకుని ఉంటుంది. కిందటి వారం ఎవరిదో వాషర్ అడిగి తెచ్చి పెరట్లో కడగబోతే, బురదంతా ఎగిరి కొత్తగా సున్నం వేసిన గోడ మీదా, మంచం మీద ఎండబెట్టిన వడియాల మీదా పడింది.

"గుమ్మడి వడియాలమ్మాయ్," అన్నారు అత్తగారు నాతో. "నువ్వులేసి పెట్టా. ఒక్కోదానికీ నల్లబొట్టు పెట్టింది."

"సారీ చెప్పాను కదా అత్తయ్యా."

"నాకు చెప్తే సరిపోయిద్దా? వడియాలకి చెప్పు."

ఇంతకీ విషయం ఏమిటంటే, ఆ వచ్చే ఆదివారం బాపట్ల దగ్గర బురద పందెం ఉంది. లావణ్య పేరిచ్చింది. పందెం నుంచి బండి శుభ్రంగా ఇంటికి వస్తే ఇంట్లో ఉంటుంది, బురదతో వస్తే అమ్మేయాలి. ఇది అత్తగారి షరతు. కోడలు ఒప్పుకుంది. లావణ్య భర్త ఇద్దరి మధ్యా మాట్లాడలేక పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళిపోతున్నాడట.

షరతు గురించి చెబుతున్నంతసేపూ లావణ్య కౌంటరు మీది గాజుపలకను వేలితో రుద్దుతూనే ఉంది. ఆ బండి ఆమె సొంతంగా కొనుక్కున్నది. పెళ్ళికి ముందు సైకిలు పందాల్లో పాల్గొనేదట. మళ్ళీ ఒక గీత వెనక నిలబడి ఈల కోసం ఎదురుచూడటం ఎన్నాళ్ళకో అని మెల్లగా చెప్పింది. అత్తగారు అది విననట్టు గోడ మీది పంపుల బొమ్మలు చూశారు.

అప్పుడే రంగారావు గారు ఏనుగును దొర్లించుకుంటూ వచ్చారు. "అమ్మా, మీ రెండు పనులకీ ఇదే కరెక్టండి. దీని బార్లు చూశారా?"

సీతామహాలక్ష్మి గారు బార్లు చూడలేదు. చక్రాల నుంచి పిడి దాకా యంత్రాన్ని చూశారు. "దీన్ని మా డాబా మీదికి ఎవరు మోస్తారు నాయనా? నువ్వొస్తావా?"

రంగారావు గారు ఏనుగును వెనక్కి దొర్లించుకుని వెళ్ళారు.

ఎంచడం అంటే

కొత్తవాళ్ళు ఇక్కడ కాస్త నిదానంగా చదవాలి. వాషర్ ఎంచేటప్పుడు నేను మొదట అడిగేది నీళ్ళ గురించి. రేపల్లెలో వాళ్ళ బోరు నీళ్ళు ఉప్పన. కుళాయి ధార సన్నం. ధార సరిపోకపోతే ఎంత గొప్ప వాషరైనా గాలి మింగి దగ్గుతుంది. అందుకని డ్రమ్ములో పైపు వేస్తే తనంతట తాను నీళ్ళు పీల్చుకునే రకాన్నే వాళ్ళకు చూపించాను. ఉప్పునీళ్ళు వాడక తప్పకపోతే చివర్లో మంచినీళ్ళు కాసేపు పోనివ్వమన్నాను. లేకపోతే లోపలి రబ్బరు సీళ్ళు పాడైపోతాయి.

"మట్టి పోవాలంటే ప్రెషర్ ఎక్కువుండాలి కదా ఆంటీ?" అంది లావణ్య.

"మట్టిని కదిలించేది ప్రెషర్. మోసుకెళ్ళేది నీళ్ళు. నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తాయో అది చూడు. పైగా రేగడి మట్టి ముందు నానాలి. నానకుండా కొడితే ముక్కలై ఎగిరి వడియాల మీద పడిద్ది."

అత్తగారు మొదటిసారి నా వైపు ఇష్టంగా చూశారు.

బండికి శత్రువు మట్టి ఒక్కటే కాదు, దగ్గర నుంచి కొట్టిన నీళ్ళు కూడా. చక్రం మధ్యలో బేరింగులు, గొలుసు, ముందు ఫోర్కుల సీళ్ళు, రేడియేటరు రేకులు, వీటికి ధార నేరుగా తగలకూడదు. సైలెన్సరుకు బిరడా పెట్టాలి. గాలి పీల్చే చోట ప్లాస్టిక్ కవరు కట్టాలి. వెడల్పు నాజిల్‌తో, చెయ్యి చాచినంత దూరం నుంచి కడగాలి. డాబా మీది పాచికి గిరగిరా తిరిగే నాజిల్ ఒకటి వేరే ఉంటుంది. అది సిమెంటుకు అమృతం, బండికి విషం. ఇవన్నీ లావణ్యకు చెబుతున్నాననుకున్నాను. అత్తగారు కూడా వింటున్నారని అప్పుడు గమనించలేదు.

మోటార్లలో తేలికైనవి గోల ఎక్కువ చేస్తాయి, బరువైనవి ఎక్కువకాలం మన్నుతాయి. వాళ్ళిద్దరికీ నేను ఎంచింది మధ్యరకం. లోపల ఇత్తడి పంపు, పొడుగు గొట్టం, మెట్ల మీదికి ఎత్తుకెళ్ళగలిగినంత బరువు.

"ఎత్తి చూడండి పెద్దమ్మా," అన్నాను.

ఆవిడ కొంగు బిగించి, వాషర్‌ను చంకనేసుకుని పంపుల వరసల మధ్య ఒక చుట్టు చుట్టి వచ్చారు. "నీళ్ళ బిందెంత ఉంది. బానే ఉంది," అన్నారు.

తర్వాత దుకాణం వెనక మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి గన్ ఆవిడ చేతికిచ్చాను. స్విచ్చి వేసే ముందే గన్ నొక్కి గాలంతా పోనివ్వాలని చూపించాను. ఆవిడ మొదట కళ్ళు మూసుకుని నొక్కారు. రెండోసారి ఒక కన్ను తెరిచారు. మూడోసారికి పై మెట్టు మీది పాచి పోయి, కింద నిగనిగలాడే ఎర్ర గచ్చు కనిపించింది.

"ఇది ఎర్ర గచ్చా?" అన్నారు రంగారావు గారు. దుకాణం వాళ్ళ నాన్నగారు కట్టించింది. ఆ మెట్లు బూడిదరంగువే అనుకుంటూ ఆయన ఇన్నేళ్ళూ ఎక్కి దిగారు.

ఆవిడ రెండో మెట్టు కడిగారు. మూడోది కడిగారు. మెట్లు అయిపోయాక గోడవార కాలవ కడిగారు. కాలవ అయిపోయాక చుట్టూ చూసి, మా గుమస్తా స్కూటరు మడ్‌గార్డు కడిగారు. చాలండి అంటే వినిపించుకోలేదు. చీర కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకు చుట్టుకున్నాయి. నవ్వుతున్నారు.

లావణ్య నా చెవిలో, "మా పెళ్ళి ఫొటోల్లో కూడా ఇట్టా నవ్వలేదు ఆంటీ," అంది.

బాపట్లలో ఆదివారం

పందెం బాపట్ల నుంచి సముద్రానికి వెళ్ళే దారిలో, ఒక కొబ్బరితోట వెనక పొలంలో. రంగారావు గారు అక్కడ ఒక బల్ల వేసి, జనరేటరు పెట్టి, ఏనుగును నిలబెట్టారు. నేనూ వెళ్ళాను. లావణ్య బండితోబాటు ట్రాలీ ఆటోలో వాషర్, నిండా మంచినీళ్ళున్న డ్రమ్ము, దాని పక్కన స్టూలు మీద సీతామహాలక్ష్మి గారు దిగారు.

"బండి ఎట్టా ఉండిద్దో కళ్ళారా చూసి ఇంటికి తీసుకుపోదామని," అన్నారు ఆవిడ, నేను అడక్కుండానే.

మొదటి రౌండులో లావణ్య బాగా నడిపింది. రెండో మలుపులో గాల్లోకి లేచినప్పుడు నా గుండె కూడా లేచింది. కానీ చివరి గుంతలో ముందు చక్రం దిగబడి పక్కకు పడింది. లేచి గీత దాటింది, ఫైనలుకు అర్హత వచ్చింది. అయితే కుడి మణికట్టు వాచిపోయింది. అక్కడున్న నర్సు చూసి, ఎముకేమీ విరగలేదని చెప్పి గట్టిగా కట్టు కట్టి, బండి నడపొచ్చు కానీ ఫైనలు దాకా ఆ చేతికి పని చెప్పొద్దంది.

బండి మాత్రం బురదముద్దలా ఉంది. గొలుసు కనపడటం లేదు, రేడియేటరు పూర్తిగా మూసుకుపోయింది. అలాగే పరిగెత్తిస్తే ఇంజను వేడెక్కి ఆగిపోతుంది. ఫైనలుకు గంట కూడా లేదు. లావణ్య ఎడమచేత్తో గన్ పట్టుకోబోయింది. అది ఊగింది.

"ఇట్టా ఇవ్వు," అన్నారు సీతామహాలక్ష్మి గారు.

"అత్తయ్యా, మీరు..."

"నువ్వు కూర్చో."

ఆవిడ సైలెన్సరుకు బిరడా పెట్టారు. గాలి పీల్చే చోట కవరు కట్టారు. సన్నగా నీళ్ళు చల్లి మట్టి నాననిచ్చారు. నేను నాలుగు అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నా చేతులు దురద పెట్టాయి. గన్ లాక్కుని నేనే కడిగేస్తే గండం గట్టెక్కుతుంది కదా అనిపించింది. ఈ వృత్తిలో అన్నిటికంటే కష్టమైన పని నాకు అప్పుడే పడింది. నేర్పాక చేతులు కట్టుకుని నిలబడటం. ఒకసారి ఆవిడ ధార చక్రం మధ్యకు వెళ్ళింది. నేను నోరు తెరిచేలోపే, "బేరింగు," అని తనకు తానే చెప్పుకుని వెనక్కి జరిగారు.

ఇంతలో రంగారావు గారి బల్ల దగ్గర జనం మూగారు. చీరాల వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడి బండిని ఆయన ఏనుగుతో కడుగుతున్నారు, అదీ సన్నధార నాజిల్‌తో. రెండు నిమిషాల్లో బండి షోరూములో పెట్టినట్టు మెరిసింది. జనం చప్పట్లు కొట్టారు. కుర్రాడు కిక్కు కొట్టాడు. బండి తుమ్మింది. మళ్ళీ కొట్టాడు. ఈసారి అది కూడా లేదు. గాలి ఫిల్టరు నిండా నీళ్ళు.

"ఏం చేశారండీ బాబాయ్ గారూ," అన్నాడు ఆ కుర్రాడు దిగాలుగా.

రంగారావు గారు ఏనుగును ఆపేశారు. చొక్కా చేతులు మడిచి, ఫిల్టరు విప్పి, ఆరబెట్టడానికి కుర్రాడితోపాటు నేల మీద కూర్చున్నారు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ రోజు పెరిగింది. తప్పు జరిగాక మాటలతో సర్దుకునే యజమానులు చాలామంది ఉంటారు. బురదలో చతికిలబడి విప్పే యజమాని దొరికితే ఆ ఉద్యోగం వదలకండి. ఆ కుర్రాడి బండి ఫైనలుకు సరిగ్గా ముందు స్టార్టయింది.

లావణ్య బండి రెండో కిక్కుకే అందుకుంది. ఆ శబ్దానికి సీతామహాలక్ష్మి గారు ఉలిక్కిపడి, వెంటనే తానే దాన్ని కన్నట్టు చుట్టూ చూశారు.

ఫైనలు మొదలయ్యాక ఆవిడ తాడు వెనక నిలబడలేదు. తాడు వెంట పరిగెత్తారు. "ఎడమ పక్క గుంటుందే, ఎడమ పక్క," అని అరుస్తూ, వెళ్ళే బండ్లన్నీ చిమ్మిన బురద మీద పడుతున్నా తుడుచుకోకుండా పరిగెత్తారు. లావణ్యకు ఆ మాటలు వినపడే అవకాశమే లేదు. కానీ చివరి మలుపులో ఎడమ గుంత తప్పించి, కుడి గట్టు మీదుగా ఎగిరి, మూడో స్థానంలో గీత దాటింది. కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి, హెల్మెట్ తీసి, జనంలో అత్తగారి కోసం వెతికింది. అత్తగారు కనపడ్డా ఆనవాలు పట్టడానికి కొంచెం సమయం పట్టింది. నడుము దాకా నల్లరేగడి, కళ్ళజోడు మీద ఒక ముద్ద.

అందరం డ్రమ్ము దగ్గర చేరాం. బండి మళ్ళీ బురదముద్దే. లావణ్య డ్రమ్ములోకి తొంగి చూసింది. అడుగున చెంబెడు నీళ్ళు కూడా లేవు. ఆ పొలం బోరు నీళ్ళు ఉప్పన. దానికి కరెంటు కూడా ఆపేశారు.

"నీళ్ళు అయిపోయినయ్యి అత్తయ్యా," అంది. మూడో స్థానం వచ్చిన ఆనందం ఆమె ముఖంలోంచి జారిపోవడం నేను చూశాను. "మాటంటే మాటే. బురదతోనే వస్తది ఇంటికి."

సీతామహాలక్ష్మి గారు కళ్ళజోడు తీసి, తుడవడానికి కొంగులో శుభ్రంగా ఉన్న చోటు కోసం వెతికారు. అలాంటి చోటు లేదు. మళ్ళీ అలాగే పెట్టుకున్నారు.

"ఇంటికెళ్ళి కడుగుదాంలే," అన్నారు. "గోడ పాడైతే మళ్ళీ సున్నం వేసుకుంటాం. రేగడి నానితే ఎట్టా పోయిద్దో నాకు తెలుసు ఇప్పుడు."

ఆవిడ బండి చుట్టూ ఒకసారి తిరిగి, సీటు మీద చెయ్యి వేసి చూశారు. తర్వాత కుచ్చిళ్ళు ఎగదోపి, నా భుజం పట్టుకుని, ఒక కాలు అటువైపు వేసి ఎక్కి కూర్చున్నారు.

"ఏమే లావణ్యా, దీన్ని ఎటు తిప్పితే కదులుద్ది?"

లావణ్య ఎడమచేత్తో క్లచ్చి పట్టుకుని పక్కన నడిచింది. నేనొక పక్కా, రంగారావు గారొక పక్కా బండి పట్టుకున్నాం. ఇంజను గురగురమంటూ కదిలింది. కొబ్బరితోట వైపు ఆ బురదలో మేం ముగ్గురం నవ్వలేక, పరిగెత్తలేక, ఒకళ్ళ మీద ఒకళ్ళం పడుతూ వెళుతుంటే, పైన కూర్చున్న సీతామహాలక్ష్మి గారు వెనక్కి తిరిగి చూడకుండా, "వదలండయ్యా, ఇంక వదలండి," అంటున్నారు.